లివర్లో కూర్చున్న మేనత్త

మా అత్త లెసియెలి తన లివర్‌ని తనే తరిగింది. కళ్ళజోడు సర్దుకుని, కత్తి ముందు కూర్చుని, పల్చటి పొరలుగా తరిగింది. ఈ మాట ఆక్లండ్‌లో మేముండే మాంగెరె పేటలో ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, ఆ తర్వాత నోరెళ్ళబెడతారు. నవ్వితే నవ్వనీండి. నా మేనత్త గొప్ప నేను చెప్పుకోకపోతే ఇంకెవరొచ్చి చెబుతారు?

నా పేరు లూపె. ఆసుపత్రి నుంచి పరిశోధనాలయానికి పెట్టెలు చేరవేసే వ్యాను నడుపుతాను. లెసియెలి మా నాన్నకి అక్క. మా టోంగా ఇళ్ళల్లో మేనత్త మాటకి ఎదురుండదు. పెళ్ళైనా చావైనా చాప మీద మొదటి చోటు ఆవిడది. నేలలో పొయ్యి తవ్వేది ఆవిడ కాదు, పందిని కాల్చేది ఆవిడ కాదు, ఒక్క గిన్నె కూడా కడగదు. కానీ ఏ పంది ఎవరింటికెళ్ళాలో ఆవిడ కనుసైగ చేసేదాకా ఒక్క పళ్ళెం కదలదు. ఇంకో హక్కు కూడా ఉంది. తమ్ముడి పిల్లల దగ్గర ఏదైనా చూసి "బావుందే" అందంటే చాలు, అది ఆవిడదైపోతుంది. నాకు పదేళ్ళప్పుడు పసుపు రంగు గౌను కుట్టించారు. ఒక్క ఆదివారం తొడుక్కున్నాను. "బావుందే లూపె!" అంది మా అత్త. మర్నాటికి అది ఆవిడ కూతురి ఒంటి మీదుంది. పాతికేళ్ళైంది, ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

సరే, గౌను సంగతి వదిలేద్దాం.

ఆవిడ వవావు దీవిలో, మొగలాకుతో చాపలల్లే ఇంట్లో పుట్టింది. ఆకుని ఉడకబెట్టి, సముద్రంలో నానేసి, ఎండబెట్టి, సన్నగా చీల్చడం ఆరేళ్ళకే చేతికొచ్చేసింది. పందొమ్మిదేళ్ళకి ఆక్లండ్ వచ్చి, ఇప్పుడు పనిచేస్తున్న ఈ పరిశోధనాలయంలోనే నేల తుడిచే పనిలో చేరింది. తొమ్మిదేళ్ళు తుడిచింది. అక్కడ జోన్ అనే పెద్దావిడ, గడ్డకట్టించిన లివర్ ముక్కల్ని చలిపెట్టెలో పెట్టి, కత్తితో పల్చటి పొరలు కోసి, గాజుపలకల మీదికి ఎత్తేది. ఓ రోజు పొర ఎన్నిసార్లు కోసినా చుట్టుకుపోతోందిట. తడిగుడ్డ చేత్తో పట్టుకుని చూస్తున్న మా అత్త ఉండబట్టలేకపోయింది.

"అమ్మా, దాన్ని లాగకండి. కుంచెతో ఊరికే అలా దారి చూపించండి, అదే వస్తుంది."

"నీకెలా తెలుసు?" అంది జోన్.

"మొగలాకూ ఇంతే. లాగితే చుట్టుకుంటుంది."

జోన్ కుర్చీలోంచి లేచి, "అయితే నువ్వే కూర్చో," అంది. అలా కూర్చున్న మనిషి ముప్పై రెండేళ్ళయినా ఆ కుర్చీ వదల్లేదు. మధ్యలో పరీక్షలు రాసింది, రెండుసార్లు తప్పింది, మూడోసారి నెగ్గింది. ఇప్పుడు అక్కడ పెద్ద డాక్టరుగా ఉన్న ఫియోనా, చదువుకునే రోజుల్లో ముక్క కొయ్యడం నేర్చుకున్నది మా అత్త దగ్గరే. అందుకే అందరూ ఫియోనాని మీరూ గీరూ అంటారు గానీ, మా అత్త మాత్రం నువ్వనే అంటుంది.

మా నాన్న సంగతి చెప్పకుండా ఇది ముందుకి సాగదు. ఆయన మా చర్చిలో పెద్ద. పుట్టి బుద్ధెరిగాక మందు చుక్క ముట్టలేదు. యాభై మూడో ఏట కళ్ళు పచ్చబడి, పొట్టకి నీరు పట్టి పోయాడు. లివర్ గట్టిపడిపోయిందన్నారు డాక్టర్లు. ఇంక చూడండి మనవాళ్ళ నోళ్ళు! "లివర్ ఊరికే పోతుందేవిటి, చాటుగా పట్టించే ఉంటాడు." సమాధి దగ్గర మట్టి వెయ్యడానికొచ్చిన వాళ్ళే అన్నారు ఆ మాట. మేం విన్నాం. మా అత్త కూడా విన్నది. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "నా తమ్ముడి లివర్లో ముక్క నా కత్తి కిందకి వచ్చుంటే, అందులో ఉన్నదేవిటో వీళ్ళందరికీ చూపించేదాన్ని," అంది నాతో, ఇంటికొచ్చేటప్పుడు.

అందుకే, మందు ముట్టని వాళ్ళ లివర్లో కూడా కొవ్వు ఎందుకు పేరుకుంటుందో చూస్తానని ఫియోనా పని మొదలుపెట్టినప్పుడు, మనుషుల్ని నేను తెస్తానని ముందుకొచ్చింది మా అత్త. మా వాళ్ళల్లో స్కానింగులో కొవ్వు కనబడి, డాక్టరు సూదితో లివర్ ముక్క తీసే పరీక్ష రాసిన వాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పరీక్షకి తీసిన దాంట్లో బియ్యపు గింజంత ముక్క ఈ పనికి ఇవ్వాలి. ఆదివారం ప్రార్థన అయ్యాక, హాల్లో అందర్నీ కూర్చోబెట్టి ఆవిడే చెప్పింది.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఆర్‌ఎన్‌ఏ అని ఉంటుంది. కొన్ని ఆర్‌ఎన్‌ఏలు ప్రోటీన్లు తయారుచేయిస్తాయి. వంటవాళ్ళ చేతిలో చీటీలనుకోండి. మిగతావి అసలు ఏ ప్రోటీనూ చేయించవు. అవెందుకున్నాయో తెలీక ఇదివరకు చెత్త అన్నారు."

"పనీపాటా లేకుండా కూర్చుంటే చెత్త అనక ఏవంటారక్కా?" అన్నాడు మానాసె. పెద్ద లారీ నడుపుతాడు, నూట నలభై కిలోల మనిషి, నోరు ఊరుకోదు.

"నీ పెళ్ళిలో మీ మేనత్త ఏం పని చేసిందిరా?"

"ఏం చేస్తుంది? చాప మీద కూర్చుంది."

"ఆవిడ చెప్పకుండా ఒక్క పళ్ళెం కదిలిందా?"

"అమ్మో! ఎవరికి ధైర్యం?"

"మరి అదే ఇది. లివర్ కణంలో చాపేసుకుని కూర్చున్న మేనత్త. వండదు, వడ్డించదు. 'కొవ్వు ఇటు పెట్టండి, ఇంకాస్త పెట్టండి' అంటుంది. పని చేసేవాళ్ళు పెడుతూ పోతారు. ఫియోనా వాళ్ళు దీనికి పదిహేడని నంబరిచ్చారు. ఎలుకల్లో ఇది లేదు. మనిషి లివర్లోనే చూడాలి."

హాలంతా ఒకటే నవ్వు. ఉన్న మేనత్తలందరూ చర్చికని నడుముకి కట్టుకున్న చాపలు సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. నవ్వులు తగ్గాక మా అత్త లేచి నిలబడింది.

"మీరిచ్చిన దాంట్లో ఒక్క తునక కూడా ఊరికే పోదు. ప్రతిదీ నా చేతి మీదుగా వెళ్తుంది, పని చేస్తుంది. పూచీ నాది."

మా వాళ్ళు ఆ డాక్టర్ల కాగితాల్ని చూసి ఇవ్వలేదు, ఈ మాట నమ్మి ఇచ్చారు. ఒకరొకరుగా ఇరవయ్యేడు మంది ఇచ్చారు. ఇంకో పన్నెండు మందికి ఆసుపత్రి వాళ్ళు ఒకే శనివారం పొద్దున్న కుదిర్చారు. అందులో మానాసె ఒకడు. లారీ టైరు ఒంటిచేత్తో ఎత్తే మనిషి, సూది పేరు చెబితే చంటిపిల్లాడైపోయాడు.

"నువ్వు పక్క మంచం మీద పడుకుంటేనే నేను పడుకుంటా," అన్నాడు మా అత్తతో.

"పడుకుంటా పద. నాకూ స్కానింగులో కొవ్వుంది, నాకూ సూది రాశారు," అంది ఆవిడ.

అయినా వాడి భయం తీరలేదు. అప్పుడు పాస్టర్ సెమిసి చర్చిలో చెప్పారు, మానాసెకీ తక్కిన పదకొండు మందికీ ధైర్యం కోసం గురువారం సాయంత్రం ప్రార్థన దగ్గర్నుంచి శనివారం దాకా సంఘమంతా ఉపవాసం ఉందామని. ఎవరికే కష్టమొచ్చినా మేం చేసేదే అది. నేనూ ఉన్నాను. మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి స్టీరింగు రెండుగా కనబడింది నాకు.

శనివారం పన్నెండు మందీ పడుకున్నారు, లేచారు. కాగితంలో "రాత్రి పదింటి తర్వాత ఏమైనా తిన్నారా?" అని ఉంటే అందరూ లేదని గీత పెట్టారు. అందరికీ తలో నంబరు కార్డు ఇచ్చారు. పేర్లు ఫియోనాకి కూడా తెలీవు, నంబర్లే. ముక్కల్ని అక్కడికక్కడే గడ్డకట్టించి, డ్రై ఐస్ పెట్టెలో పెట్టి నా వ్యాను ఎక్కించారు. ఆ రోజే టోంగా జట్టుకి రగ్బీ మ్యాచ్. ఓటాహుహు రోడ్డంతా మా దేశపు ఎర్రజెండాలు, కార్ల మీద జనం, డప్పులు. వ్యాను రెండు గంటలు కదల్లేదు. నేనూ అద్దం దించి నాలుగు కేకలేశాను, అబద్ధమెందుకు చెప్పాలి? కానీ పెట్టె మూత మీద నా చెయ్యి తీయలేదు.

సోమవారం మా అత్త పొట్ట మీద పట్టీతోనే పనికెళ్ళి, ఆ పన్నెండూ కోసింది. అందులో ఇరవైతొమ్మిదో నంబరు ఆవిడదే. కొవ్వుకి ఎర్రరంగు పట్టించి చూసుకుందిట. "నాలో ఇంత ఎరుపుందే!" అని నాకు ఫోన్ చేసి నవ్వింది.

అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం మానాసెది ఒకటే పాట. ముందు వరసలో మా అత్త పక్కన కూర్చుని, "అక్కా, మన ముక్కలు ఏం చేస్తున్నాయి?" అని అడిగేవాడు. "పని చేస్తున్నాయిరా," అనేది ఆవిడ. ఇద్దరూ మురిసిపోయేవాళ్ళు.

అయిదు నెలలకి ఫియోనా పిలిపించింది. మా అత్తనే కాదు, నన్ను కూడా.

"లెసియెలీ, కొవ్వు ఎక్కువున్న లివర్లో పదిహేడో నంబరు ఎక్కువుంది. తక్కువున్న చోట తక్కువుంది. ఇరవయ్యేడు మందిలో లెక్క చక్కగా కుదిరింది. ఆ శనివారం వచ్చిన పన్నెండులో మాత్రం పదకొండింటిలో కొవ్వు నిండా ఉంది, పదిహేడు దాదాపు లేదు. ఒక్క ముప్పై నాలుగో నంబరులోనే మామూలుగా ఉంది." నా వైపు తిరిగింది. "పెట్టె రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. దారిలో కరిగి ఉండాలి. ఆర్‌ఎన్‌ఏ వేడి తగిలితే నిలవదు, మీకు తెలుసుగా."

నాకు మండిపోయింది. "పెట్టె నా ఒళ్ళో పెట్టుకున్నట్టే తెచ్చాను! దించేటప్పుడు కూడా పొగలు కక్కుతోంది. కావాలంటే..."

"నువ్వాగు లూపె," అంది మా అత్త. మేనత్త ఆగమంటే ఆగాలి. పళ్ళు కొరుక్కుంటూ ఆగాను.

ఆవిడ పోయి గాజుపలకల పెట్టె తెచ్చి, సూక్ష్మదర్శిని కింద ఒక పలక పెట్టింది. "చూడు. కరిగి మళ్ళీ గడ్డకట్టిన ముక్కయితే మంచు పొడిచి చిల్లులు పడతాయి, అంచులు చిరిగిపోతాయి. నీకు మొదటి నెలలోనే చూపించాను. ఇందులో చిల్లేదీ? ఉన్నవన్నీ గుండ్రటి కొవ్వుచుక్కలు, ప్రతిదీ రంగు పట్టింది. ఇది కరగలేదు."

ఫియోనా చూసింది. ఇంకోటి చూసింది. పదకొండూ చూసింది. "కరగలేదు," అంది ఒప్పుకుని. "మరి పదిహేడు ఎక్కడికి పోయింది?"

"అది నాకు తెలీదు."

"కారణం తెలీకుండా నేను వీటిని లెక్కలో ఉంచలేను లెసియెలీ. అలాగని నాకు నచ్చని అంకెల్ని ఊరికే దాచెయ్యనూ లేను. తీసేశానని రాసి, తీసెయ్యాలి. వాడని ముక్కల్ని నాశనం చెయ్యాలని ఒప్పందంలో ఉంది. నెలాఖరు దాకా చూస్తాను."

ఫియోనా చెడ్డమనిషి కాదు. నాకు కోపమే గానీ, కాదని ఎలా అంటాను? ఎవరి మొహం చూసీ అంకెలు మార్చే మనిషి కాదు, అంతే. మా అత్త గాజుపలకల పెట్టెకి మూత పెట్టింది.

"అయితే ముందు ఇరవైతొమ్మిది పారెయ్," అంది.

"ఎందుకు?"

"అది నాది. మిగతావాళ్ళ దగ్గర మాటిచ్చి తెచ్చాను, నాదానికి ఎవరికీ మాటివ్వలేదు."

"నెలాఖరు దాకా ఏదీ పారెయ్యను," అంది ఫియోనా. వ్యానులో నేను ఏడిచాను. మా అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ ఆదివారం ఆవిడ ముందు వరసలో కూర్చోలేదు. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. మానాసె మెడ తిప్పి తిప్పి చూశాడు. ప్రార్థన ముగియగానే ఆవిడ బయటికెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారమూ అంతే. నాలుగిళ్ళ వాళ్ళు నన్నడిగారు, మీ అత్తకి ఒంట్లో బాలేదా అని. ఏం చెప్పను? ఇచ్చిన మాట నిలబడేలా లేదని చెప్పనా? అసలే మా ఇంటి పేరు చెబితే మా నాన్న లివర్ గుర్తు తెచ్చుకునే జనం. ఇప్పుడు పదకొండు మంది లివర్ ముక్కలు చెత్తలోకి పోయాయంటే ఇంకేవన్నా ఉందా!

మూడో ఆదివారం. నెలాఖరుకి అయిదు రోజులుంది. పాస్టరుగారు ప్రకటనల్లో, దీవిలో తుఫానుకి కప్పు లేచిపోయిన బడి కోసం బుధవారం సాయంత్రం నుంచి శుక్రవారం దాకా ఉపవాసమని చెప్పారు. ముందు వరసలోంచి మానాసె గొంతు అందరికీ వినబడింది.

"మళ్ళీనా అయ్యగారూ! మొన్న నా లివర్ కోసం అందర్నీ మాడ్చారు, ఇప్పుడు బడి కోసమా?"

జనం ముసిముసిగా నవ్వారు. నా పక్కన మా అత్త నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"లూపె. ఆ శనివారానికి మనం తిని ఎన్నాళ్ళైంది?"

"గురువారం సాయంత్రం నుంచి... అత్తా, నెమ్మదిగా మాట్లాడు, అయ్యగారు చూస్తున్నారు."

"నలభై గంటలు. మిగతా ఇరవయ్యేడు మంది ఒక్క పూట మానుకుని వచ్చారు. మనం నలభై గంటలు." అని లేచి నిలబడింది. ప్రార్థన మధ్యలో లేచిన వాళ్ళని మా అత్త ఎన్నిసార్లు తిట్టిందో నాకు తెలుసు. నేను ఆవిడ నడుం చాప పట్టుకుని లాగాను. ఆగలేదు.

"పాస్టరుగారూ, క్షమించండి. ఆ శనివారం ఆసుపత్రిలో పడుకున్న వాళ్ళందరూ కార్డులతో ఇప్పుడే హాల్లోకి రావాలి."

పాస్టర్ సెమిసి కళ్ళద్దాల మీదనించి చూసి, "వెళ్ళండి వెళ్ళండి, ఆవిడ అడిగితే నేను కూడా వస్తాను," అన్నారు.

హాల్లో వరసగా నిలబెట్టింది. ఒకొక్కర్నీ అడిగింది. గురువారం సాయంత్రం నుంచి ఏమన్నా తిన్నావా? లేదు. నువ్వు? లేదు. ఎనభై ఏళ్ళ కలోలైనె మామ్మ కూడా, "నీళ్ళే తల్లీ," అంది. పదిమందీ అదే మాట. మరి ఇది ఫియోనాకి ఎవరూ ఎందుకు చెప్పలేదంటారా? అడిగితే కదా! పదింటి తర్వాత తిన్నారా అన్నారు, తినలేదన్నాం. దేవుడి కోసం ఉపవాసమున్నామని ఎవరైనా కాగితాల మీద రాసుకుంటారా? మా అత్త కూడా ఉపవాసముంది, ఆవిడకే తట్టలేదు.

ఇక మిగిలింది మానాసె. అంతటి మనిషీ కుర్చీల వెనకాల చేరాడు.

"నీ కార్డు తియ్."

"ఇంట్లో మర్చిపోయానక్కా."

"నీ పర్సులో మీ ఆవిడ ఫొటో వెనకాల పెట్టుకుని తిరుగుతావ్. తియ్."

తీశాడు. ముప్పై నాలుగు.

మా అత్త ఆ కార్డు వైపు చూసింది, వాడి మొహం వైపు చూసింది. "శుక్రవారం ఏం తిన్నావురా?"

"ఏం తినలేదక్కా. దేవుడి..."

"దేవుడి పేరెత్తకు. ఏం తిన్నావ్?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. తక్కిన పదకొండు మందీ, వాళ్ళ వెనక పాస్టరుగారూ, ఆయన వెనక గుమ్మంలో సగం సంఘమూ చూస్తోంది. వాడి సూది భయం కోసం కడుపు మాడ్చుకున్న సంఘం.

"చేమాకుల పొట్లాలు," అన్నాడు గొణుగుతూ. "మటన్ కొవ్వూ కొబ్బరిపాలూ వేసినవి. లారీలో కూర్చుని తిన్నా."

"ఎన్ని?"

"నాలుగు... ఆరు. రాత్రి తొమ్మిదింటికి ఇంకో రెండు."

కలోలైనె మామ్మ చేతికర్ర ఎత్తింది. "నేను ఎనభై ఏళ్ళదాన్ని, నీ కోసం మాడి చచ్చానురా దున్నపోతా!" జనం గొల్లున అరుస్తున్నారు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు మా అత్త చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. వాడి రెండు బుగ్గలూ పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది.

"ఎవరూ వాణ్ణి ఏమీ అనొద్దు. వీడు తిన్నాడు కాబట్టే మనం బతికాం." వాడి వైపు తిరిగింది. "రేపు పొద్దున్న నాతో వచ్చి ఇదే మాట ఫియోనా ముందు చెప్పాలి. ఎన్ని పొట్లాలో కూడా."

"ఇంతమంది ముందు చెప్పాను, ఆవిడ ముందు చెప్పడానికేం," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

సోమవారం ముగ్గురం వెళ్ళాం. మా అత్త కూర్చోకుండానే మొదలుపెట్టింది. "ఫియోనా, తప్పు నాది. నలభై గంటల ఉపవాసం సంగతి నీకు చెప్పాల్సింది, చెప్పలేదు. నన్నేమన్నా అను. కానీ ముక్కలది తప్పు కాదు. పదకొండు మంది తినలేదు, వాళ్ళల్లో మేనత్త నోరు మూసుకుంది. ఒక్కడు తిన్నాడు, వాడిలో మూసుకోలేదు. అందరివీ ఒకే పెట్టె, ఒకే వ్యాను."

ఫియోనా మానాసె చెప్పిందంతా రాసుకుంది. పొట్లాలు ఎనిమిదని రాసేటప్పుడు మాత్రం పెదవి కొరుక్కుంది. తర్వాత కలం పక్కన పెట్టి మా అత్త వైపు తిరిగింది.

"తిండి ఆగితే అది ఆగుతుందని మేమెవ్వరం చూడలేదు," అంది. "ఎలా చూస్తాం? ఎలుకల్లో అది లేదు. మనుషుల్ని రెండ్రోజులు మాడ్చి సూది గుచ్చుతామంటే ఎవరొప్పుకుంటారు?"

"మా పాస్టరుగారు అడిగితే ఒప్పుకుంటారు," అన్నాడు మానాసె. "నేను తప్ప."

అంత మాట మీద ఫియోనా ఊరుకోలేదు. ఊరుకుంటే ఆవిడ ఫియోనానే కాదు. ముందు నెలాఖరు గడువు ఆపించి, మనిషి లివర్ కణాల్ని గాజుపళ్ళెంలో పెంచి, నలభై గంటలు తిండి ఆపించింది. పదిహేడు పడిపోయింది. తిండి పెట్టింది, మళ్ళీ లేచింది. అయిదుసార్లు చేయించింది, ముగ్గురు వేరేవేరే మనుషుల చేత చేయించింది. అయిదుసార్లూ అంతే. నెలాఖరున నాశనం చెయ్యాల్సిన ముక్కల జాబితాని మా అత్త బల్ల మీద పెట్టి, "ఇది మీరే చింపండి," అంది. మా అత్త చింపలేదు. మడిచి సంచిలో పెట్టుకుంది. ఇప్పటికీ ఆవిడ బైబిల్లో ఉంది.

ఏడాదికి అది పెద్ద సైన్సు పత్రికలో అచ్చయ్యింది. రాసినవాళ్ళ పేర్లలో నాలుగోది లెసియెలి తౌఫా. నేల తుడవడానికొచ్చిన మనిషి పేరు! ఆ కాగితం నా వ్యానులో అద్దం కింద అంటించాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా చదువుకుంటాను. అందులో ఆ నాలుగో పేరు తప్ప నాకేమీ అర్థం కాదు.

ఫియోనా తనే మా చర్చికొచ్చి చెబుతానంది. ఆ ఆదివారం కూడా మా అత్త చివరి వరసలోనే కూర్చుంది. "అంతా అయిపోయిందిగా అత్తా, ముందుకి పద," అన్నాను. "వాళ్ళు వినాలి ముందు," అంది. ఫియోనా మాటల్ని పాస్టరుగారు మా భాషలో చెప్పారు.

"ఉపవాసం చికిత్స అనుకోకండి. కొవ్వు అలాగే ఉంది, పెట్టమనే మాట మాత్రమే ఆగింది. కానీ ఆ మాట ఆగగలదని ఇప్పుడు తెలిసింది. ఆగగలదంటే, ఏదో ఒకరోజు మందుబిళ్ళతో ఆపే దారి వెతకొచ్చు. ఇది మీరు ఉపవాసం ఉండబట్టి తెలిసింది." కాగితం తిప్పింది. "లెసియెలి ఒక అంకె చదవమన్నారు. ముప్పై తొమ్మిది మందిలో ముప్పై ఒక్కరు ఎప్పుడూ మందు ముట్టని వాళ్ళు."

మా నాన్న సమాధి దగ్గర నోరు పారేసుకున్న ముసలాయన నాకు మూడు వరసల ముందున్నాడు. ఆయన తల వంచుకున్నాడు. నేను ఆ మెడ వైపు కళ్ళార్పకుండా చూశాను. మంచితనం తర్వాత చూసుకోవచ్చు, ఆ రోజు మాత్రం కడుపు నిండా చూశాను.

"చివరి మాట," అంది ఫియోనా. "మీరు ముప్పై తొమ్మిది మంది ఇచ్చారు. ముప్పై తొమ్మిదీ లెక్కలో ఉన్నాయి. ఒక్క తునక కూడా ఊరికే పోలేదు."

మా అత్త లేచింది. కొత్త మొగలి చాప నడుముకి కట్టుకుని, చేతిలో బైబిలుతో, తలుపు దగ్గర్నుంచి మధ్యదారిలో నడిచింది. ఆవిడ తొందరపడలేదు. ఆవిడ వెళ్తుంటే ఒకొక్క వరసా లేచి నిలబడింది, ముసలాయనతో సహా. ముందు వరసలో మానాసె ఆపసోపాలు పడుతూ జరిగాడు.

"అక్కా, మన ముక్కలు ఏం చేస్తున్నాయి?"

"పని చేశాయిరా," అంది, కూర్చుంటూ.

ప్రార్థనయ్యాక బయట జనం మూగారు. నేను ఎలాగో సందు చేసుకుని ఆవిడ దగ్గరికెళ్ళాను. ఆ రోజు కోసమని కొనుక్కున్న ముత్యాల కమ్మలు పెట్టుకున్నాను, అచ్చంగా మా దీవి ముత్యాలు. ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. చూపు చెవుల దగ్గర ఆగింది.

"బావున్నాయే లూ..."

ఆవిడ నా పేరు పూర్తిచేసే లోపల రెండూ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను.